తాక్ పెట్టని ఏడు సున్నలు

శిమ్ దొరగారి దివాను పట్టుగుడ్డలో చుట్టిన పద్యాల పుస్తకం చంకన పెట్టుకుని రాగిగుట్ట వీధికి వచ్చిన రోజున, ఓక్‌దాన్ అక్కడి మందుల కొట్లోనే ఉంది. అత్తగారి మోకాళ్ళ నొప్పులకి వేర్లు కొనడానికి వెళ్ళింది. పెళ్ళయి అప్పటికి రెండు నెలలు. కొట్టు నడిపే తాక్ మున్‌బో తన మొగుడికి ప్రాణస్నేహితుడని వినడమేగాని మనిషిని చూడటం అదే మొదలు. చూస్తే ఏముంది? ఒంగిన భుజాలు, వేర్లు తరిగి తరిగి పసుపెక్కిన వేళ్ళు, ఎడమకన్ను కాస్త మెల్ల. ఈ మనిషి కోసమా మా ఆయన పాడ్యమికీ పున్నమికీ ఉతికిన అంగీ తొడుక్కునేది అనుకుంది.

దివాను పుస్తకాన్ని బల్లమీద పడేశాడు. "దొరగారి పద్యాలు. ఎల్లుండికల్లా మెచ్చుకున్నట్టు ఎర్ర సున్నలు చుట్టి పంపాలి."

"ఎన్ని?" అన్నాడు తాక్. చేతిలో అతిమధురం తూస్తున్నాడు. తక్కెడ మీంచి చూపు తిప్పలేదు.

"ఎన్నేంటి? పాదం పాదానికీ చుట్టు. దొరగారి షష్టిపూర్తికి వచ్చే పెద్దలందరికీ ఈ పుస్తకం చూపిస్తారు. నీ సున్నకి ఊళ్ళో పెద్ద పేరంట. ఎందుకో ఆ దేవుడికే తెలియాలి."

తాక్ అతిమధురం పొట్లం కట్టి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, పుస్తకం విప్పి నిలబడే చదివాడు. చదవడం అయ్యాక ఇంగిలీకం నూరి, రెండు చోట్ల ఎర్ర సున్న చుట్టాడు. ఆ తరవాత నల్లసిరా తీసి మూడు చోట్ల గీత గీశాడు.

"రెండా!" దివాను గొంతు వీధి చివరికి వినపడింది. "పైగా నల్లగీతలా! నడుం విరగ్గొట్టిస్తాను, తెలుసా?"

"విరగ్గొట్టించండి బాబూ. కాని ఒక్క మాట. పాదం పాదానికీ సున్న చుట్టి ఉంటే, షష్టిపూర్తికి వచ్చిన పెద్దమనుషులు ఏమనుకుంటారు? దొరగారు మందులవాణ్ణి బెదిరించి పెట్టించుకున్నారనుకుంటారు. రెండే ఉంటే, ఆ రెండూ సంపాదించుకున్నవనుకుంటారు. దొరగారికి ఏది ఇష్టమో నాకేం తెలుసు? మీరే వెళ్ళి అడగండి. 'అయ్యా, తమరు బెదిరించినట్టు కనపడాలా, రాసినట్టు కనపడాలా' అని. ఏమంటారో వచ్చి చెప్పండి. అలాగే చేస్తాను."

ఆ ప్రశ్న ఏ దివాను మాత్రం ఏ దొర ముందు అడగగలడు? పుస్తకం గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. శొంఠి కొనడానికి వచ్చిన ముసలమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఆ దొర తరవాత ఆ రెండు సున్నలనే వచ్చినవాళ్ళందరికీ వేలు పెట్టి మరీ చూపించుకున్నాడట.

ఓక్‌దాన్ ఇంటికి వచ్చి మొగుడికి ఇదంతా చెప్పింది. గూ యున్‌జే నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "మళ్ళీ చెప్పవే, వాడు తక్కెడ పట్టుకునే ఉన్నాడా? కళ్ళెత్తనే లేదా?" అని మూడుసార్లు చెప్పించుకున్నాడు. రెండు నెలల కాపురంలో ఆయన ఆమె చేత ఒక మాట రెండోసారి చెప్పించుకోవడం అదే మొదలు. ఆ మాటలో ఉన్నది తాను కాదు, తాక్. కడుపులో నిప్పురవ్వ పడ్డది ఆ సాయంత్రమే.

మనిషి పుట్టుపూర్వోత్తరాలు చూస్తే అసూయ పడవలసినవి కావు. తాక్ తల్లి ఒక మందుల వ్యాపారి ఇంట్లో వంటమనిషి. బడికి పంపే నాథుడు లేడు. కొట్లో గోడ పొడవునా ఉన్న నూట ఇరవై సొరుగుల మీద రాసిన మందుల పేర్లే అతని బడి. సొరుగు లాగితే వాసన, మూస్తే అక్షరం. అలా నేర్చుకున్నాడు చైనా అక్షరాలు. "నాకు మొదట వచ్చిన అక్షరాలన్నీ చేదువే. తీపి చాలా ఆలస్యంగా వచ్చింది, కింది వరసలో ఉంది," అనేవాడు. వ్యాపారికి పిల్లలు లేక కొట్టు ఇతని చేతికి వచ్చింది. పెళ్ళాం పోయింది. ఒక్కతే కూతురు, యొంగిన్‌లో అత్తారింట్లో ఉంది. బార్లీ అన్నం, ఊరవేసిన ముల్లంగి, ఆ సొరుగులు, నెలకు రెండుసార్లు యున్‌జే. అంతే అతని బతుకు.

యున్‌జేకి సర్కారు కచేరీలో నకళ్ళు రాసే ఉద్యోగం. పగలంతా పైవాళ్ళ మాటలు పొల్లుపోకుండా ఎత్తిరాసి, ఇంటికొచ్చి తన మాటలు రాసుకునేవాడు. ఇద్దరికీ చెరో పుస్తకం. పాడ్యమినాడు పుస్తకాలు మార్చుకునేవాళ్ళు. పున్నమినాడు గుర్తులు పెట్టి తిరిగిచ్చేవాళ్ళు. మనసుకు పట్టిన అక్షరం పక్కన ఎర్ర సున్న, నచ్చనిదాని పక్కన నల్లగీత. ఇన్‌వాంగ్ కొండ కింద కాపురముండే అలాంటి కవులందరిదీ అదే పద్ధతి. దొరలు కాలేనివాళ్ళు, కూలివాళ్ళు కానివాళ్ళు, కచేరీలోనో కొట్లోనో పగలంతా తలవంచుకుని, పద్యాల్లో తలెత్తుకునేవాళ్ళు.

ఓక్‌దాన్‌కి ఇంట్లో మాట్లాడే మాట రాసుకునే ఆడవాళ్ళ అక్షరాలు మాత్రమే వచ్చు. పద్యాలు రాసే చైనా అక్షరం ఒక్కటీ రాదు. కాని వంటింటికీ ముందుగదికీ మధ్య ఉన్నది కాగితం తలుపు. చెవులకు చదువు అక్కర్లేదు.

"ఏవోయ్ యున్‌జే, ఈ పాదంలో చంద్రుడెందుకొచ్చాడు?"

"రాత్రి కదటోయ్."

"రాత్రయితే చంద్రుడు రావాలా? నీ కచేరీకి పైఅధికారి రోజూ వస్తున్నాడా?"

"మరి నీ పద్యంలో ఆ కొంగేమిటి? దాని పనేమిటక్కడ?"

"అది నిజంగా ఉందయ్యా. వాగులో నిలబడి ఉంది. నా కళ్ళతో చూశాను."

"అయితే దాన్ని వాగులోనే ఉండనీ. పద్యంలోకి లాక్కొచ్చి చలిలో నిలబెడతావెందుకు?"

తిట్టుకునేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. ఒకోసారి అరగంట మాటే ఉండేది కాదు. ఆ మౌనం ఓక్‌దాన్‌కి మరీ దుర్భరంగా ఉండేది. తనతో మాట్లాడకపోతే ఆయనకు మాటలు లేవనుకోవచ్చు. అతనితో మాట్లాడకుండా కూడా ఆయన సంతోషంగా కూర్చోగలడు.

ఆమె రోట్లో పెసలు రుబ్బి, పంది కొవ్వు వేసి అట్లు పోసి, బియ్యపు కల్లుతో పాటు ముందుగదికి పంపేది. మొగుడు ఏదో చదువుకుంటూ తినేవాడు. అట్టు తిన్నాడో చాప తిన్నాడో ఆయనకే తెలియదు. తాక్ మాత్రం ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, తలుపు వైపు తిరిగి, "వదినా! ఇవాళ పెసలు గంటసేపు తక్కువ నానాయి," అనేవాడు.

అది నిజం. అందుకే ఒళ్ళు మండేది. "అన్నీ తెలుసు పాపం. అట్టు కూడా పద్యమే ఈ మహానుభావుడికి. దానిమీదా గీయండి ఓ నల్లగీత," అని లోపల్నుంచి అనేది.

"గీయను వదినా. అంచు మీద ఒక సున్న కూడా ఉంది. అంచు బ్రహ్మాండంగా కాలింది."

యున్‌జే నవ్వేవాడు. ఆ నవ్వు తన మీదో, అతని మాట మీదో తేలక ఆమె మసిగుడ్డను గోడకేసి కొట్టేది. పెరట్లో కాసిన పండ్లలో మేలైనది ఆయన తాక్ కోసం దాచేవాడు. కొత్త పద్యం పూర్తయిన రోజున వానొచ్చినా సరే రాగిగుట్టకు పరుగెత్తేవాడు. ఇద్దరు పిల్లల పురుళ్ళప్పుడు ఆయన ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో వేరే చెప్పాలా? సవతి ఉన్నా ఇంతకంటే నయం. జుట్టు పట్టుకుని కిందికి లాగొచ్చు. ఈ మెల్లకన్నువాడి జుట్టు పట్టుకుంటే లోకం ఏమంటుంది?

పన్నెండేళ్ళు అలా గడిచాయి. పన్నెండో ఏడు రెండో నెలలో ఊరంతా జ్వరాలు. తాక్‌కి కొట్టు వదిలి కదలడానికి వీల్లేకపోయింది. పున్నమినాడు రాలేకపోయాడు. మూడో నెల మూడోనాడు కవులంతా కొండవాగు దగ్గర కలుస్తారు. ఆ రోజున ఎవరి పుస్తకం వాళ్ళు అందరిముందూ విప్పి, స్నేహితుడు సున్నలు చుట్టిన పాదాన్ని నిలబడి పైకి చదవాలి. అందుకని ఓక్‌దానే కొట్టుకి వెళ్ళి, గుడ్డలో కట్టిన మొగుడి పుస్తకాన్ని తలమీద పెట్టుకుని ఇంటికి తెచ్చింది. మొగుడు కచేరీ నుంచి ఇంకా రాలేదు.

ముడి విప్పింది. విప్పకూడదని ఆమెకు తెలుసు.

యున్‌జే తాక్ పుస్తకానికి గుర్తులు పెట్టి పంపిన కాగితాలు ఆమె వారం కిందటే చూసి ఉంది. మిరపకాయలు ఎండబోసిన ఇంటికప్పులా ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడు ఆయన పుస్తకంలో చూస్తే మొత్తానికి రెండే సున్నలు, చివరి పద్యంలో. నల్లగీతలు తొమ్మిది.

ఆయన నెల రోజులు తిండి మానుకుని రాసిన పద్యాలవి. పదిమంది ముందు నిలబడి ఆ రెండక్షరాలు చదివి కూర్చుంటాడా? ఆమెకు ఆయన ముఖం కనపడింది. ఆ ముఖాన్ని వెలిగించడం, ఆర్పడం, రెండూ ఆ మందులవాడి చేతిలోనే ఉండాలా? పన్నెండేళ్ళుగా అట్లు పోస్తున్న చేతికి ఆమాత్రం హక్కు లేదా?

రాతిమీద ఇంగిలీకం నూరింది. కుంచె తీసింది. ఏ పాదానికి చుట్టాలి? చివరి పద్యంలోనే, ఆ రెండు సున్నలకు కుడిపక్కన నిలువు వరసగా ఉన్న పాదంలో అక్షరాలు కిక్కిరిసి, కొమ్ములూ కాళ్ళూ వేసుకుని, చూడటానికే మహా పండితుల్లా ఉన్నాయి. ఇంత కష్టపడి గీసినవి గొప్పవి కాకుండా పోతాయా? ఏడక్షరాలకీ ఏడు సున్నలు చుట్టింది. మొదటిది వణికింది. ఏడోది అన్నం గిన్నె అంచంత గుండ్రంగా వచ్చింది.

కుంచె కడిగి ఆరబెట్టాక గాని ఆమెకు తట్టలేదు. ఆయన పడబోయే ఈ సంతోషం మీద కూడా తాక్ పేరే ఉంటుంది.

మూడోనాడు వాగు ఒడ్డున కొండపూలు విరగబూశాయి. మగవాళ్ళు బండల మీద, ఆడవాళ్ళు కాస్త ఎగువన పొయ్యిలు పెట్టి పూల అట్లు పోస్తున్నారు. ఓక్‌దాన్ పెనం ముందు కూర్చున్నా కళ్ళు కిందికే. యున్‌జే వంతు వచ్చింది. గుడ్డ విప్పాడు, కాగితాలు తిప్పాడు, చివరి పద్యం దగ్గర ఆగాడు. వరసగా ఏడు ఎర్ర సున్నలు. ఆయన ముఖంలోకి వచ్చిన వెలుగు పెళ్ళి పీటల మీద కూడా ఆమె చూడలేదు. గబుక్కున లేచి నిలబడి, టోపీ సర్దుకుని, పైకి చదవడం మొదలుపెట్టాడు.

మూడో అక్షరం నోట్లోంచి వచ్చాక గాని తాను చదువుతున్నది ఏ పాదమో ఆయనకు తట్టలేదు. అయినా ఆచారం ప్రకారం చివరిదాకా చదవాలి. చదివాడు.

విల్లులు చేసే పెంగ్ తొడ చరిచాడు. "సెబాసు! వెయ్యేళ్ళ కిందట పోయిన మహాకవికి ఇవాళ మన తాక్ మున్‌బో దగ్గర ఏడు సున్నలు పడ్డాయి! ఆయన ఆత్మ శాంతించుగాక!"

అందరూ విరగబడి నవ్వారు. ఆ పద్యం మొత్తంలో యున్‌జేది కాని పాదం అదొక్కటే. పలక పట్టిన ప్రతి పిల్లవాడూ వల్లించే పాత పాదం. దాన్ని ఉన్నదున్నట్టుగా ఎత్తి పెట్టుకుని, దాని పక్క పాదంలో దానికి తన జవాబు చెప్పాడు ఆయన. అలా రాయడం తప్పుకాదు, అదో విద్య. కాని పక్కనున్న స్నేహితుడి మాటల్ని వదిలేసి, ఎప్పుడో పోయినవాడి పాదానికి సున్నలు చుట్టడమంటే, అంతకంటే ముఖం మీద కొట్టడం వేరే లేదు.

యున్‌జే పుస్తకాన్ని తాక్ ముందు పెట్టాడు. "ఇది నీ కుంచేనా?"

తాక్ చాలాసేపు చూశాడు. వేలితో ఒక సున్నను తడిమాడు. తరవాత తలెత్తి, స్నేహితుడి వైపు కాకుండా, అందరి తలల మీదుగా ఎగువన పొయ్యిల వైపు చూశాడు. ఓక్‌దాన్ చేతిలో గరిటె అలాగే ఉంది. పెనం మీద పూలు మాడిపోతున్నాయి.

"నాదే," అన్నాడు.

"ఎందుకు?"

"ఆ పాదం బాగుంది కనక."

"అది బాగుంటుందని నాకు ఏడేళ్ళప్పుడే తెలుసు మున్‌బో. మిగతావి బాగాలేవని చెప్పడానికి నీకు ఇంతమంది కావలసివచ్చిందా?"

ఇంటికి వెళ్ళే దారిలో పెనం మోస్తూ వెనక నడుస్తున్న ఓక్‌దాన్‌ని చూసి ఆయన ఆగాడు. పెనం తన చేతిలోకి తీసుకున్నాడు. "ఇంక నాకు మిగిలింది నువ్వొక్కదానివే," అన్నాడు. పన్నెండేళ్ళు ఆమె ఎదురుచూసిన మాట. ఆ పూట నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే ఆ మాట వెనక్కి పోతుంది. మింగేసింది.

ఆ తరవాత మొగుడు ఆమెవాడయ్యాడు. పాడ్యమికీ పున్నమికీ ఇంట్లోనే ఉండేవాడు. పండు కాస్తే కోసి ఆమె చేతికే ఇచ్చేవాడు. పద్యాల పుస్తకం చించి ఆ కాగితాలు తలుపుకి అతికించాడు. పొద్దున ఎండ పడితే అక్షరాలు తలకిందులుగా నేలమీద పడేవి. ఆమె అటు చూడకుండా తుడిచేది. "రాయరేం?" అంటే, "రాస్తే ఎవరు చూడాలి?" అనేవాడు.

పెసరట్టు పెడితే "బాగుంది" అనేవాడు. పప్పు నానినా బాగుంది, నానకపోయినా బాగుంది. ఒకరోజు పంతం పట్టి ఉప్పు వేయకుండా పోసింది. "బాగుంది," అన్నాడు. ఆ రోజు వంటింట్లో కూర్చుని ఆ మెల్లకన్నువాణ్ణి నోరారా తిట్టుకుంది. ఎందుకు తిడుతోందో ఆమెకే సరిగా తెలియలేదు.

అలా రెండో ఏడు ఆకు రాలే కాలానికి యున్‌జే సగమయ్యాడు. కచేరీలో ఎత్తిరాసే కాగితాల్లో వరసలకి వరసలే వదిలేస్తున్నాడట. మరొక్కసారి అలా జరిగితే పని పోతుందని పైఅధికారి చెప్పి పంపాడు. రోగం ఉంటే మందుంటుంది. ఇది రోగం కాదు. చూస్తూ ఊరుకుంటే మొగుడు దక్కడు. నిజం చెబితే, ఆ "నువ్వొక్కదానివే" దక్కదు. ఓక్‌దాన్ మూడు రోజులు ఆ రెంటినీ అటూ ఇటూ తిప్పి చూసింది. నాలుగోనాడు పై బట్ట తలమీదుగా కప్పుకుని రాగిగుట్టకు బయల్దేరింది. బతిమాలడానికి కాదు. బతిమాలడం ఆమె వంశంలోనే లేదు.

కొట్లో ఎవరూ లేరు. తాక్ బల్ల దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. ముసలివాడయ్యాడు.

"రండి వదినా. ఎవరికి బాగాలేదు?"

"అందరికీ బాగానే ఉంది. ఎందుకు నాదేనన్నావు ఆ రోజు?" పన్నెండేళ్ళు "మీరు" అన్న నోరే.

తాక్ కుంచె కింద పెట్టాడు. "మీ సున్నలు కిందినుంచి మొదలవుతాయి. మేమంతా పైనుంచి చుడతాం. పొట్లం ముడి చూసి ఎవరు కట్టారో చెప్పగలను, సున్న చూసి చెప్పలేనా? నాది కాదంటే వాడు మరెవరిదంటాడు. పుస్తకం ఇక్కణ్ణించి మీ ఇంటికి వచ్చింది మీ తలమీద. పన్నెండుమంది మగాళ్ళు తలలు తిప్పి మీవైపు చూసేవాళ్ళు."

"చూడనీ! తింటారా? నిన్నెవడు దానం అడిగాడయ్యా? పద్యాల్లో నువ్వే, అట్ల రుచిలో నువ్వే, చివరికి మంచితనంలో కూడా నువ్వే ముందు నిలబడాలి. నాకంటూ తప్పు చేసే హక్కయినా ఉంచలేదు!"

"మంచితనమా?" తాక్ నవ్వాడు. నవ్వు బాగాలేదు. "వదినా, ఆ పాత పాదానికి పక్క పాదంలో వాడు చెప్పిన జవాబు ఉంది చూశారూ, అలాంటిది నేను ముప్పై ఏళ్ళలో ఒక్కటి రాయలేదు. ఆ నెల రాత్రులు అదే చదువుకున్నాను. ఏడక్షరాలకీ ఏడు సున్నలు చుట్టాలి. చెయ్యి రాలేదు. రెండు చుట్టి, అక్కడికీ మంట ఆగక, మిగతా పద్యాల్లో వెతికి వెతికి తొమ్మిది నల్లగీతలు గీశాను. దొరల దగ్గర అబద్ధమాడని కుంచె, వాడి దగ్గర ఆడింది. మీ సున్నలు చూడగానే తగిన శాస్తి జరిగిందనుకున్నాను. నేను పెట్టవలసిన ఏడూ పక్క పాదం మీదికి పోయాయనుకున్నాను."

ఇన్నాళ్ళూ ఓక్‌దాన్ ఆ కడుపుమంట తన ఒక్కదాని సొత్తనుకుంది.

"ఇంకొకటి కూడా చెప్పనా?" అన్నాడు. "వాడి కోసం దొంగసున్నలు పెట్టేంత పిచ్చి ఉన్న మనిషి వాడింట్లో ఉంది. నా ఇంట్లో ఈ సొరుగులు తప్ప ఏమున్నాయి? ఆ రోజు పొయ్యి దగ్గర మిమ్మల్ని చూసినప్పుడు, నాకు వాడి జవాబు పాదం మీద కంటే దానిమీదే ఎక్కువ కుళ్ళు పుట్టింది."

"చాల్లే. కుళ్ళుకోవడంలో కూడా నన్ను దాటాలా?" అంది గాని గొంతులో పస తగ్గింది. ఎటు చూడాలో తెలియక బల్లమీది కాగితం వైపు చూసింది. "ఏం రాశావు?"

"చలికాలం పద్యం. రెండేళ్ళుగా రాస్తున్నాను, చూసేవాళ్ళు లేరు. దూరదేశంలో మొగుడున్న ఇల్లాలు, గంజిబట్టని నునుపెక్కేదాకా రాతిమీద పెట్టి కర్రలతో దంచుతుంటే, ఆ చప్పుడు ఏడుపులా ఊరంతా వినపడిందని..."

"ఏడుపా?" ఓక్‌దాన్ చేతులు నడుముకి వెళ్ళాయి. "నువ్వు ఎప్పుడైనా బట్ట దంచావా?"

"లేదు."

"చూశావా?"

"విన్నాను."

"గోడ అవతల్నించి విన్నావు! రాయికి ఇటొకతె అటొకతె కూర్చుంటాం. నాలుగు కర్రలు. ఒకదాని కర్ర లేస్తే ఇంకోదాని కర్ర దిగాలి. ఏడుస్తూ కూర్చుంటే లెక్క తప్పి వేళ్ళు చితుకుతాయి. అత్తగారికి వినపడకుండా అత్తని తిట్టుకోవాలంటే ఆడదానికి అదొక్కటే చోటు. ఎంత గట్టిగా దంచితే అంత గట్టిగా నవ్వొచ్చు. మొగుడు దూరంగా ఉంటే మరీ ఎక్కువ నవ్వుతాం. మీరంతా వెయ్యేళ్ళుగా గోడ అవతల నిలబడి, అయ్యో పాపం ఏడుస్తోంది ఏడుస్తోందని రాసుకుంటున్నారా? ఒక్కడికైనా తలుపు తీసి చూడాలని తోచలేదూ?"

తాక్ ఆ పాదాన్ని మళ్ళీ చదువుకున్నాడు. పెదవులు కదిలాయి. చదవడం అయ్యాక ఆమె వైపు చూశాడు, నూట ఇరవై సొరుగుల్లో తాను ఎన్నడూ తెరవనిది ఒకటి కనపడినట్టు.

"యున్‌జే అయితే దీనికి సున్నలు చుట్టేవాడు," అన్నాడు నెమ్మదిగా. "వాడు నా తప్పులు చూసేవాడు కాదు. అదే వాడితో వచ్చిన చిక్కు."

లేచి నల్లసిరా రాయి తెచ్చి, నీళ్ళు పోసి, తనే నూరాడు. కుంచె ముంచి, కొన రాతి అంచుకి రాసి సన్నం చేసి, పిడి ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు.

"ఇందాకటి మాటకి ఎక్కడ గీత పెట్టాలో చూపిస్తాను. మీ చేత్తో గీయండి. వణికినా పరవాలేదు. గీసి, ఈ కాగితం పట్టుకెళ్ళి వాడి ముందు పెట్టండి. వాడు చూస్తాడు. చూసి, ఈ గీత ఎవరిదని అడుగుతాడు. అడిగినప్పుడు, ఈసారి నా పేరు కాదు, మీ పేరు చెప్పండి వదినా."